అద్దం ముందు నిలబడేది మురిసిపోవడానికేనా? నార్సిసిజం, ఆత్మగౌరవం, ఈటింగ్ డిజార్డర్లపై తరచుగా అడిగే ప్రశ్నలు

మా అమ్మాయి గంటలకొద్దీ అద్దం ముందే ఉంటుంది. ఎంతసేపూ తన ఒళ్లు, తన బరువు. ఇది తన మీద తనకి మోజు ఎక్కువవడం కాదా?

మిగతా ప్రశ్నలన్నీ దీంట్లోంచే పుడతాయి కాబట్టి దీన్నే ముందు పెట్టాను. దూరం నుంచి చూస్తే మోజులాగే ఉంటుంది. కాస్త దగ్గరికెళ్లి చూడండి. మోజుతో అద్దం చూసుకునే మనిషి మొహం చూసుకుంటుంది, జుట్టు సర్దుకుంటుంది, ఓ నవ్వు నవ్వుకుని వెళ్లిపోతుంది. ఈటింగ్ డిజార్డర్ ఉన్న అమ్మాయి చూపు చాలాసార్లు మొహం దాకా రాదు. పక్కకి తిరిగి పొట్ట చూసుకుంటుంది. చున్నీ తీసి చూసుకుంటుంది, మళ్లీ వేసుకుని చూసుకుంటుంది. పది నిమిషాలయ్యాక మళ్లీ వచ్చి నిలబడుతుంది. పది నిమిషాల్లో ఒంట్లో ఏం మారిపోతుందని? బయల్దేరేటప్పుడు తాళం వేసి, రెండుసార్లు లాగి, నాలుగడుగులు వేసి, మళ్లీ వెనక్కొచ్చి లాగి చూసుకునేవాళ్లు ఉంటారే, ఇదీ అలాంటిదే. తాళం మీద ప్రేమతో ఎవరూ లాగి చూడరు.

చికిత్స చేసేవాళ్లు దీన్ని బాడీ చెకింగ్ అంటారు. చూసుకున్నకొద్దీ అనుమానం పెరుగుతుందే గాని తగ్గదు. కొందరు దీనికి పూర్తిగా ఎదురుదారి పడతారు. అద్దానికి గుడ్డ కప్పేస్తారు, ఫొటో అనగానే అందరి వెనక్కీ జరుగుతారు. పదేపదే చూసుకునేవాళ్లదీ, అసలు చూసుకోలేనివాళ్లదీ ఒకటే బాధ.

ఇంతకీ ఈటింగ్ డిజార్డర్లు అంటే ఏవేవి?

ముఖ్యమైనవి మూడు. అనొరెక్సియా నెర్వోసాలో తిండి బాగా తగ్గించేస్తారు. ఉండాల్సిన బరువుకన్నా చాలా కిందికి పడిపోయినా లావైపోతామన్న భయం వదలదు. బులీమియా నెర్వోసాలో అదుపు తప్పి అతిగా తినడం, ఆ తర్వాత దాన్ని 'సరిచేయడానికి' ఒంటిని హింసపెట్టడం ఉంటాయి. బింజ్ ఈటింగ్ డిజార్డర్‌లో అదుపు తప్పి తినడం, ఆపైన సిగ్గుతో కుమిలిపోవడం ఉంటాయి గాని, ఆ సరిచేసే పనులు ఉండవు. అనొరెక్సియా నెర్వోసా అన్న పేరు 1873 నుంచీ ఉంది. బులీమియాని విడిగా వర్ణించింది 1979లో, జెరాల్డ్ రసెల్ అనే బ్రిటిష్ సైకియాట్రిస్టు. బింజ్ ఈటింగ్‌కి 2013లో డీఎస్ఎం-5 వచ్చేదాకా సొంత స్థానం దక్కలేదు. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ప్రచురించే మానసిక రుగ్మతల మాన్యువల్ అది.

ఆ మాన్యువల్‌లోనే మన విషయానికి పనికొచ్చే ముక్క ఒకటుంది. తన విలువని తను లెక్కగట్టుకోవడంలో బరువుకీ, ఒంటి తీరుకీ మితిమీరిన పాత్ర ఉండటాన్ని అనొరెక్సియా, బులీమియా లక్షణాల జాబితాలోనే రాశారు. అంటే ఆత్మగౌరవం సంగతి ఈ జబ్బుకి పక్కింటి వ్యవహారం కాదు, ఇంట్లోదే.

ఆత్మగౌరవం మరీ ఎక్కువైతే నార్సిసిజం అవుతుందా?

అవదు. రెండూ ఒకే కొలతగిన్నెలో కిందా మీదా ఉండే గీతలు కావు. మనం ఆత్మవిశ్వాసం, ఆత్మాభిమానం, ఆత్మగౌరవం, అహం అన్నీ ఒకే గంపలో వేసి మాట్లాడతాం, అందుకే ఈ తికమక. 'నేనిది చేయగలను' అనేది ఆత్మవిశ్వాసం. 'చేయలేకపోయినా నా విలువ నాకుంది' అనేది ఆత్మగౌరవం. 'నేను మీలాంటిదాన్ని కాను, ఆ సంగతి మీరు ఒప్పుకుంటూ ఉండాలి' అనేది నార్సిసిజం. మొదటి రెండూ గదిలో ఒక్కరే ఉన్నా నిలబడతాయి. మూడోదానికి ఎదురుగా ఎవరో ఒకరు ఉండి తీరాలి.

కొలిచే పద్ధతుల్లోనూ ఈ తేడా కనిపిస్తుంది. అమెరికన్ సామాజికశాస్త్రవేత్త మోరిస్ రోజెన్‌బర్గ్ 1965లో ఆత్మగౌరవాన్ని కొలవడానికి చేసిన 10 వాక్యాల ప్రశ్నావళి ఇప్పటికీ వాడుకలో ఉంది. అందులో అడిగేది మిగతావాళ్లతో సమానంగా మీకూ విలువుందనిపిస్తుందా అని. నార్సిసిజానికి ఎక్కువగా వాడే ప్రశ్నావళిలో 40 జతల వాక్యాలుంటాయి. అక్కడ అడిగేది మిగతావాళ్లకన్నా మీరు ప్రత్యేకమా, అందరి కళ్లూ మీ మీదే ఉండాలనిపిస్తుందా అని. 'సమానంగా', 'కన్నా' అన్న రెండు మాటల మధ్యే ఉంది తేడా అంతా. ఈ రెంటి మార్కుల మధ్యా సంబంధం ఉంటుంది గాని, అదేమంత గట్టిది కాదు.

ఇంకో సంగతి. నార్సిసిస్టిక్ పర్సనాలిటీ డిజార్డర్ అనే రోగనిర్ధారణ 1980లో ఆ మాన్యువల్‌లోకి వచ్చింది. 9 లక్షణాల్లో కనీసం 5 స్థిరంగా ఉంటే తప్ప ఆ పేరు పెట్టరు. అంతకన్నా తక్కువ మోతాదులో నార్సిసిజం ఛాయలు అందరిలోనూ ఉంటాయి, ఇది రాస్తున్న మనిషితో సహా. ఈ కింద మాట్లాడేది చాలావరకు ఆ ఛాయల గురించే.

నార్సిసిస్టు అంటే గొప్పలు కొట్టుకునేవాళ్లే కదా? తిండి మానేసి మూల కూర్చున్న మనిషికీ ఆ మాటకీ ఏం సంబంధం?

గొప్పలు కొట్టుకునేది ఒక రకం. 1991లో పాల్ వింక్ అనే మనస్తత్వవేత్త నార్సిసిజానికి రెండు ముఖాలున్నాయని చూపించాడు. ఒకటి బాహాటంగా కనిపించే గొప్పతనం. రెండోది బయటికి వినయంలా, బిడియంలా కనిపించే సున్నితత్వం. దీన్ని వల్నరబుల్ నార్సిసిజం అంటారు.

ఈ రెండో రకం మనిషి సభలో ముందు వరసలో కూర్చోడు. చివరి వరసలో కూర్చుని, నన్నెవరూ ముందుకి రమ్మనలేదే అని వారంరోజులు మథనపడతాడు. అలాంటి ఇంకొకామె ఒక ఫొటో పెడుతుంది. లైకులు చూస్తుంది. ఎవరు పెట్టారన్నది కాదు, ఎవరు పెట్టలేదన్నది చూస్తుంది. ఇరవై నిమిషాల్లో ఫొటో తీసేస్తుంది. ఎవరైనా మామూలుగా అన్న మాట కూడా ముల్లులా దిగిపోతుంది. తను ప్రత్యేకంగా ఉండాలన్న ఆశ, తను ఎందుకూ పనికిరానన్న భయం ఒకే మనసులో కాపురం చేస్తుంటాయి.

మొదటి రకాన్ని 'పైన పటారం, లోన లొటారం' అని కొట్టిపారేయడం మనకి అలవాటు. గొప్పలు చెప్పేవాళ్లందరి లోపలా ఆత్మన్యూనతే ఉంటుందని పరిశోధనలు గట్టిగా తేల్చలేదు. కొందరు నిజంగానే తమ గురించి గొప్పగానే అనుకుంటారు. ఆ సామెత రెండో రకానికే ఎక్కువ అతుకుతుంది, కాకపోతే అక్కడ పైన పటారం కూడా ఉండదు.

అయితే ఈటింగ్ డిజార్డర్లతో ఏ రకం ముడిపడి ఉంది?

ఎక్కువగా రెండోదే. గొప్పతనం రకంతో సంబంధం ఒక్కో పరిశోధనలో ఒక్కోలా వస్తుంది. సున్నితత్వం రకంతో మాత్రం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది.

అది పనిచేసే తీరు ఇది. మన విలువ ఎదుటివాళ్ల కళ్లలోనే ఉందనుకోండి. ఎదుటివాళ్లు ఎప్పుడు ఏమనుకుంటారో మన చేతిలో లేదు. చేతిలో లేనిదాని మీద బతుకు నిలబెట్టుకోవడం మహా టెన్షన్. అప్పుడు చేతిలో ఉన్నదేదో వెతుక్కుంటాం. తిండి చేతిలో ఉంటుంది. బరువు అంకెలో కనిపిస్తుంది. నిన్నటికన్నా ఇవాళ తగ్గిందంటే నేను గెలిచినట్టే, ఇంకెవరి సర్టిఫికెట్టూ అక్కర్లేదు. ఎదుటివాళ్ల చూపుల్లో దొరకని తీర్పు బరువు తూచే మిషన్ మీద దొరుకుతుంది. పైగా రోజూ దొరుకుతుంది.

మనసు తనని తను కాపాడుకోవడానికి వేసుకునే రెండు కవచాలని కూడా పరిశోధకులు గుర్తించారు. ఒకటి: 'అందరి కోసం నేను ఇంత చేశాను, నన్ను మాత్రం ఎవరూ పట్టించుకోరు.' రెండోది: 'నాలో ఏ తప్పూ లేదు, తప్పంతా మీదే.' ఈటింగ్ డిజార్డర్ ఉన్న మనిషి ఇంట్లో వీటిలో ఒకటి వినే ఉంటారు. వినగానే ఒంటికాలి మీద లేవబుద్ధవుతుంది కూడా. కానీ అది కవచం అని తెలిస్తే, కవచంతో వాదించి లాభం లేదనీ తెలుస్తుంది.

ఒక చిన్న పక్కదారి. నార్సిసిజం అన్న పేరు గ్రీకు కథలోని నార్సిసస్ నుంచి వచ్చింది. నీళ్లలో తన నీడ చూసి మురిసిపోయాడన్నంతవరకే అందరికీ గుర్తు. ఆ కథలో అతను ఆ కొలను ఒడ్డునే తిండీ నిద్రా మాని కృశించిపోతాడు. అతన్ని ప్రేమించిన ఎకో, అతను కాదన్నాక అవమానంతో చిక్కి శల్యమై, చివరికి గొంతు మాత్రమే మిగులుతుంది. ఈ జబ్బుల గురించి చదివాక ఆ కథ నాకు వేరేలా వినిపించడం మొదలైంది.

ఆత్మగౌరవం తక్కువైతే ఈటింగ్ డిజార్డర్ వచ్చేస్తుందా?

వచ్చేయదు. ఆత్మగౌరవం తక్కువగా ఉన్నవాళ్లు కోకొల్లలు, వాళ్లలో చాలామంది మామూలుగానే తింటారు. జన్యువుల పాత్ర ఉంది. 2019లో వచ్చిన పెద్ద జన్యు అధ్యయనం మన డీఎన్ఏలో అనొరెక్సియాతో సంబంధమున్న 8 చోట్లని గుర్తించింది, అందులో కొన్ని లంకెలు మనసువి కావు, జీవక్రియవి. డైటింగ్, ఎగతాళి, కుదిపేసిన సంఘటనలు, పరిపూర్ణత పిచ్చి, ఇలాంటివి కొన్ని కలిస్తే వస్తుంది.

'ఎంత ఉంది' అన్నదానికన్నా 'దేని మీద నిలబడి ఉంది' అన్నది పెద్ద ప్రశ్న. మనస్తత్వవేత్త జెన్నిఫర్ క్రాకర్ బృందం మనిషి తన విలువని ఆనించుకునే ఏడు ఆధారాలని గుర్తించింది: కుటుంబ ప్రేమ, పోటీలో గెలుపు, రూపం, దేవుడి ప్రేమ, చదువు, నీతి, ఇతరుల మెప్పు. నాలుగైదు స్తంభాల మీద ఉన్న పందిరి ఒకటి విరిగినా నిలుస్తుంది. అంతా రూపం అనే ఒకే గుంజ మీద ఉంటే, ఆ గుంజకి తగిలే ప్రతి దెబ్బా పందిరి మొత్తానికి తగులుతుంది.

మా వాడు అన్నింట్లోనూ ఫస్టే. అలాంటివాడికి ఆత్మన్యూనత ఏమిటి?

ఫస్టు రావడమే దానికి సాక్ష్యం కావచ్చు. 2003లో ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన సైకియాట్రిస్టు క్రిస్టొఫర్ ఫెయిర్‌బర్న్, సహచరులు ఈ జబ్బులని పట్టి ఉంచే నాలుగు విషయాలు చెప్పారు. మార్చుకోలేనంతగా పాతుకుపోయిన ఆత్మన్యూనత, పరిపూర్ణత పట్టుదల, బాధని భరించలేకపోవడం, మనుషులతో ఇబ్బందులు. మొదటి రెండూ జంటగా తిరుగుతాయి. 95 వస్తే మిగతా 5 ఏమయ్యాయి అంటాడు. 100 వస్తే పేపరు సులువుగా ఇచ్చారంటాడు. గెలుపు ఖాతాలో పడనే పడదు, ఓటమి మాత్రం వడ్డీతో సహా పడుతుంది. ఇదే లెక్క తిండికి వర్తింపజేస్తే, ఒక్క ముద్ద ఎక్కువైతే రోజంతా పాడైనట్టే.

మగపిల్లల్లో ఇది ఆలస్యంగా బయటపడుతుంది, ఇది ఆడపిల్లల జబ్బన్న అపోహ వల్ల. కొందరిలో సన్నబడాలని కాక, కండలు చాలలేదన్న వేదనగా ఉంటుంది. దాన్ని మజిల్ డిస్‌మార్ఫియా అంటారు.

సన్నబడ్డప్పుడు మెచ్చుకున్నాం. తప్పు చేశామా?

తెలియక చేశారు, అందరూ చేసేదే. కానీ ఆ మెప్పు ఏం చేస్తుందో చూడండి. ఎన్నాళ్లనుంచో ఎవరూ పెద్దగా పట్టించుకోని పిల్ల కాస్త బరువు తగ్గింది. ఒక్కసారిగా అందరూ 'అబ్బ, ఎంత బాగున్నావే' అంటున్నారు. దాంట్లో తనకి రెండు మాటలు వినిపిస్తాయి: ఇప్పుడు బాగున్నావు, ఇంతకుముందు బాగాలేవు. ఇక వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయినట్టే.

కోలుకునేటప్పుడు దీనికి రెండో భాగం నడుస్తుంది. పిన్ని ప్రేమగా చెయ్యి పట్టుకుని, 'హమ్మయ్య, కాస్త ఒళ్లు చేశావు, ఇప్పుడు కళగా ఉన్నావే' అంటుంది. ఆ పిల్ల నవ్వుతుంది, 'అవును పిన్నీ' అంటుంది, ఆ రాత్రి అన్నం ముట్టదు. 'ఆరోగ్యంగా ఉన్నావు' అన్నా చెవిలో 'లావయ్యావు' అనే పడుతుంది. ఒంటి గురించి మెప్పూ వద్దు, తెగడ్తా వద్దు. మాట్లాడటానికి ఇంకా బోలెడు విషయాలున్నాయి.

జబ్బు మొదలయ్యాక మొండితనం, చిరాకు, తన మాటే నెగ్గాలన్న పంతం వచ్చాయి. ఇదేనా తన అసలు స్వభావం?

ఈ ప్రశ్నకి 1944లోనే జవాబు మొదలైంది. మిన్నెసోటా యూనివర్సిటీలో ఆన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త, ఒంటిలోనూ మనసులోనూ ఆరోగ్యంగా ఉన్న 36 మంది యువకులకి 24 వారాలపాటు తిండి బాగా తగ్గించి ఏమవుతుందో గమనించాడు. యుద్ధంలో ఆయుధం పట్టడానికి మనస్సాక్షి ఒప్పుకోక, దానికి బదులుగా ఈ ప్రయోగానికి ముందుకొచ్చినవాళ్లు. వాళ్లలో ఎవరికీ ఈటింగ్ డిజార్డర్ లేదు. కొన్నాళ్లకి స్నేహితులతో మాట్లాడటం తగ్గించారు. ఊరికే చిరాకుపడేవారు. తిండి తప్ప ఇంకో ఊసు లేదు. కొందరు వంటల పుస్తకాలు కొని దాచుకున్నారు. ఉన్న కాస్త తిండినీ గంటలసేపు నంజుకుంటూ తినేవారు.

ఇంట్లో ఇదే చూస్తున్నారేమో గమనించండి. అందరికీ తనే వండుతుంది. కొసరి కొసరి వడ్డిస్తుంది. 'నువ్వూ కూర్చోవే' అంటే, 'వండుతుంటేనే కడుపు నిండిపోయింది' అంటుంది. అది త్యాగమూ కాదు, టెక్కూ కాదు. ఆకలితో ఉన్న మెదడు తిండి చుట్టూ తిరుగుతోంది. తన గురించి తప్ప ఆలోచించడం లేదని మీకనిపించేదాంట్లో ఎక్కువ భాగం ఆకలి చేసే పని. అందుకే కడుపు మాడుతున్న మనిషికి పర్సనాలిటీ డిజార్డర్ అని పేరు పెట్టడానికి మంచి డాక్టర్లు తొందరపడరు. ముందు తిననిచ్చి, అప్పుడు చూస్తారు.

'నువ్వో నార్సిసిస్టువి' అని మొహాన చెప్పేస్తే దారికొస్తుందా?

రాదు. ఈ జబ్బుకి మేత అవమానం. ఇంకో పిడికెడు వేయకండి.

మరి 'నువ్వు అందంగానే ఉన్నావు' అనొచ్చు కదా?

అనొచ్చు, కానీ పనిచేయదు. ఆ మాటతో మీరూ రూపమే ముఖ్యమన్న లెక్కలోకి దిగిపోయినట్టు. 'నువ్వు అమ్మవి కాబట్టి అలాగే అంటావు' అన్న జవాబు సిద్ధంగా ఉంటుంది. దానికన్నా కళ్లతో చూసిందే చెప్పడం నయం. 'మూడు వారాలుగా మాతో కలిసి తినడం లేదు నాన్నా. మెట్లెక్కితే ఆయాసపడుతున్నావు. నాకు భయంగా ఉంది. డాక్టర్ దగ్గరికి నేనూ వస్తాను.' నీళ్లు నములుతుంది, కోప్పడుతుంది, తలుపేసుకుంటుంది. రెండు రోజులాగి మళ్లీ అదే మాట అదే గొంతుతో చెప్పండి. భోజనం దగ్గర మాత్రం ఈ చర్చ పెట్టొద్దు.

తప్పు మా పెంపకానిదేనా?

ఒకప్పుడు తల్లుల్ని బోనులో నిలబెట్టేవారు. ఇప్పుడు అలా చూడటం లేదు. లండన్‌లోని మాడ్స్‌లీ ఆస్పత్రిలో మొదలైన కుటుంబ ఆధారిత చికిత్స, కారణం ఎవరన్న పంచాయితీ పక్కన పెట్టి, పిల్లలచేత తినిపించే బాధ్యతని తల్లిదండ్రుల చేతుల్లోనే పెడుతుంది. టీనేజీ పిల్లల అనొరెక్సియాకి బాగా రుజువైన చికిత్సల్లో అదొకటి.

పెంపకం గురించి తెలుసుకోదగ్గది మాత్రం ఒకటుంది. 2015లో నెదర్లాండ్స్‌లో 7 నుంచి 12 ఏళ్ల పిల్లలు 565 మందిని, వాళ్ల తల్లిదండ్రులని కొంతకాలం గమనించారు. మా పిల్ల అందరికన్నా గొప్పది అనుకునే ఇళ్లలో నార్సిసిజం పెరిగింది. ఊరికే ప్రేమగా దగ్గరికి తీసుకునే ఇళ్లలో ఆత్మగౌరవం పెరిగింది. ముద్దు చేయడం వేరు, ముత్యాల పల్లకీ ఎక్కించడం వేరన్నమాట.

'నాకే జబ్బూ లేదు' అని గర్వంగా చెబుతుంది. ఏం చేయాలి?

అనొరెక్సియాలో ఇది మామూలే. తను సాధించిన ఒకే ఒక్క విజయాన్ని జబ్బంటే ఎవరు ఒప్పుకుంటారు? బులీమియా, బింజ్ ఈటింగ్ ఉన్నవాళ్లలో గర్వం కన్నా సిగ్గు ఎక్కువ, అందుకే ఏళ్లతరబడి దాచగలుగుతారు. ఒప్పుకున్నాకే చికిత్స అని కూర్చుంటే ఒళ్లు ఆగదు. స్పృహ తప్పడం, గుండె దడ, ఛాతీ నొప్పి, వాంతిలో రక్తం, తికమకగా మాట్లాడటం, చచ్చిపోవాలన్న మాట, వీటిలో ఏది కనిపించినా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి. ఒంట్లో పొటాషియం పడిపోతే గుండె లయ తప్పుతుంది, చూడటానికి బాగానే ఉన్నవాళ్లలో కూడా. చాలాకాలం పస్తున్నవాళ్లకి ఇంట్లోనే ఒక్కసారిగా ఎక్కువ పెట్టేయడమూ ప్రమాదమే. అది డాక్టర్ల పర్యవేక్షణలో జరగాలి.

చికిత్సలో ముందు తిండా, ఆత్మగౌరవమా?

తిండి. ఆ తర్వాత రెండూ కలిసి నడుస్తాయి. ఈ జబ్బులకోసమే తయారైన సీబీటీ-ఇ అనే పద్ధతిలో (ఆలోచనల్నీ అలవాట్లనీ మార్చే మాటల చికిత్స ఇది) మామూలుగా 20 సెషన్లు, బరువు బాగా తక్కువ ఉంటే 40 దాకా ఉంటాయి. అందులో ఒక పని నాకు బాగా నచ్చుతుంది. కాగితం మీద ఒక గుండ్రం గీసి, నీ విలువని నువ్వు దేన్నిబట్టి లెక్కేసుకుంటావో ముక్కలు చేయమంటారు. మొదటిసారి గీసినప్పుడు ఒకే ముక్క దాదాపు గుండ్రమంతా ఆక్రమిస్తుంది: బరువు, ఒళ్లు, తిండి మీద అదుపు. స్నేహం ఒక సన్నటి చీలిక. ఒకప్పుడు వేసిన బొమ్మలకి, పాడిన పాటలకి అసలు చోటే ఉండదు. ఆ పెద్ద ముక్కని కోసేయమనరు. పక్కన వేరే ముక్కలు పెంచమంటారు. మానేసిన డ్రాయింగ్ క్లాసుకి ఈ గురువారం వెళ్లడం, ఇంతే హోంవర్కు. బాగా వేయాలన్న షరతు కూడా లేదు.

నార్సిసిజం ఛాయలు గట్టిగా ఉంటే దారి కాస్త గతుకులమయం. థెరపిస్టు అన్న ఒక్క మాట గుచ్చుకుని మధ్యలో మానేస్తారు, లేదా ఆ గదిలో కూడా బెస్ట్ పేషెంట్ అనిపించుకోవాలని చూస్తారు. ఈ సంగతి థెరపిస్టుకి ముందే చెప్పుకుంటే మంచిది. 'మీరు ఏమన్నా నాకు తిట్టినట్టే ఉంటుంది' అని చెప్పగలిగిన రోజు చాలా పని జరిగినట్టు.

ఇంత రాశారు, బరువులూ కేలరీల లెక్కలూ ఎక్కడా ఇవ్వలేదేం?

కావాలనే. ఈ జబ్బులో ఉన్న మనిషి అంకె కనబడగానే తనతో పోల్చుకుంటుంది. తనది దానికన్నా ఎక్కువైతే 'నాకింకా అంత ముదరలేదు, డాక్టర్ ఎందుకు' అనుకుంటుంది. తక్కువైతే లోలోపల గెలిచినట్టుంటుంది. ఆ లెక్కలు మీకు కావాలంటే డాక్టర్‌ని అడగండి, తను పక్కన లేనప్పుడు.